ఉప్పుగాలికి నిలిచే పాతిక వాట్లు



శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ ర్యాలీ పెట్టారంటే ఊరికి ఆ వారమంతా సందడే. ఇచ్ఛాపురం, కవిటి, పలాస, రాజాం, చీపురుపల్లి... ఎక్కడెక్కడి కుర్రాళ్లో చీకటితోనే వచ్చి 1,600 మీటర్ల పరుగుకు వరుసలో నిలబడతారు. ఉద్దానం కొబ్బరితోటల మధ్య, నాగావళి గట్టు మీద నెలల తరబడి పరుగెత్తి గట్టిపడ్డ కాళ్లు వాళ్లవి. విజయనగరం పక్కన కోరుకొండలో, పూసపాటి వారి పి.వి.జి. రాజు ఇచ్చిన కోటలో, 1962 జనవరి 18న సైనిక్ స్కూలు మొదలైంది. అక్కడి నుంచి ఆఫీసర్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి జవాన్లు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు.

ఆ పరుగులో నెగ్గి యూనిఫాం వేసుకున్న కుర్రాడు తర్వాత వీపు మీద ఏమేం మోస్తాడు? తుపాకీ, తూటాలు, నీళ్లు, తిండి, వానకోటు. ఇవి వాళ్ల తాతల కాలం నుంచీ ఉన్నవే. ఈ 30 ఏళ్లలో వీటికి మరో బరువు తోడైంది. అది బ్యాటరీల బరువు.

వైర్‌లెస్ సెట్టుకు బ్యాటరీ కావాలి. దారి చూపే జీపీఎస్‌కు కావాలి. చీకట్లో మనిషి ఒంటి వేడిని పసిగట్టే కెమెరాకు కావాలి. రాత్రిపూట చూసే నైట్ విజన్ పరికరానికీ కావాలి. ఆ నైట్ విజన్ పరికరాలు మన మచిలీపట్నంలోనూ తయారవుతాయి. 1924లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చిన ఫ్యాక్టరీ అది. ఒక్కో పరికరం చేతిలో పట్టేంత చిన్నదే. కానీ ఒక్కోదానికీ విడి బ్యాటరీ, ఆ బ్యాటరీకి మారు బ్యాటరీ, ఆ మారుది కూడా అయిపోతే ఇంకొకటి. అమెరికా సైన్యం వేసుకున్న లెక్కల ప్రకారం 72 గంటల పని మీద వెళ్లే సైనికుడు ఒక్క బ్యాటరీల కిందే 7 నుంచి 9 కిలోలు మోస్తాడు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో రోజుల తరబడి నడిచే పోలీసు దళాలకైనా, హిమాలయాల్లో మంచు మీద కాపలా కాసే జవానుకైనా సమస్య ఇదే. పైగా చలి పెరిగేకొద్దీ లిథియం బ్యాటరీ శక్తి తరిగిపోతుంది. గడ్డకట్టే చలికి దిగువన, మైనస్ 20 డిగ్రీల దగ్గర, దాని మీద రాసి ఉన్న అంకెకూ అది నిజంగా ఇచ్చే కరెంటుకూ పొంతన ఉండదు.

ఈ బరువును తగ్గించడానికి ప్రపంచమంతా ప్రయత్నిస్తున్న దారుల్లో ఒకటి ఫ్యూయల్ సెల్. అందులోనూ సంచిలో పట్టే చిన్న ఫ్యూయల్ సెల్. ఈ ప్రసంగం దాని గురించి.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. కరెంటు అవసరం అందరికీ ఒకేలా ఉండదు. విశాఖపట్నంలో నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ అని 1969లో పెట్టిన రక్షణ పరిశోధన సంస్థ ఉంది. ఎన్ఎస్‌టీఎల్ అంటే విశాఖలో ఆటోవాలా కూడా దారి చెబుతాడు. అక్కడ రూపొందిన వరుణాస్త్ర అనే బరువైన టార్పెడో 2016లో నౌకాదళంలో చేరింది. నీటి అడుగున గంటకు 40 నాటికల్ మైళ్ల వేగంతో దూసుకుపోయే ఆయుధం అది. దాన్ని నడిపేవి సిల్వర్ జింక్ బ్యాటరీలు. 250 కిలోవాట్లు ఇస్తాయి. అంత శక్తీ కొద్ది సేపటికే. లక్ష్యం చేరాక బ్యాటరీతో పని లేదు. అదే సంస్థ చేసిన తేలికపాటి టార్పెడోలో ఇంకో చమత్కారం ఉంది. అందులోని మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ బ్యాటరీ సముద్రపు నీరు తగిలితేనే మేలుకుంటుంది. అంతవరకు ఏళ్ల తరబడి పొడిగా, నిద్రలో ఉంటుంది.

కొండ మీద వైర్‌లెస్ సెట్టు పట్టుకుని కూర్చున్న జవాను అవసరం దీనికి పూర్తిగా ఎదురు. అతనికి 20 వాట్లు చాలు. ఇంట్లో రెండు ఎల్ఈడీ బల్బులకు పట్టేంత కరెంటు. కానీ అది నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు ఆగకుండా రావాలి. టార్పెడోకు కావలసింది జోరు. జవానుకు కావలసింది ఓపిక. బ్యాటరీ జోరులో దిట్ట. ఓపిక దగ్గరికి వచ్చేసరికి అది బరువెక్కిపోతుంది. ఎందుకంటే బ్యాటరీలో కరెంటు పుట్టించే సరుకూ, పుట్టించే యంత్రమూ ఒకే డబ్బాలో బంధించి ఉంటాయి. రెట్టింపు సేపు కావాలంటే రెట్టింపు డబ్బాలు మోయాలి.

ఫ్యూయల్ సెల్ పొయ్యిలాంటిది. పొయ్యి ఒకటే ఉంటుంది, కట్టె అందించినంతసేపూ పనిచేస్తుంది. తేడా అల్లా ఇందులో మంట లేకపోవడమే. ఒక పక్క నుంచి హైడ్రోజన్, మరో పక్క నుంచి గాలిలోని ఆక్సిజన్ వస్తాయి. మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర అడ్డు. ప్లాటినం పూత తగలగానే హైడ్రోజన్ అణువు విడిపోతుంది. అందులోని ప్రోటాన్లకు పొరలోంచి దారి ఉంది. ఎలక్ట్రాన్లకు లేదు. అవి బయటి తీగ చుట్టూ తిరిగి అవతలి పక్కకు చేరాలి. ఆ తీగ మీదే వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. అవతలి పక్క అన్నీ కలుసుకున్న చోట పుట్టేది మంచినీళ్లు.

ఇది కొత్త తెలివి కాదు. 1839లోనే వేల్స్ దేశస్థుడు విలియం గ్రోవ్ ఈ పని చేసి చూపించాడు. వృత్తికి లాయరు, తర్వాత జడ్జి. ఆ తర్వాత 100 ఏళ్లకు పైగా అది ప్రయోగశాల వింతగానే ఉండిపోయింది. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో థామస్ గ్రబ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లాస్టిక్ పొరను వాడాలని ఆలోచించడంతో కథ మలుపు తిరిగింది. సామాన్యంగా ఫ్యూయల్ సెల్ అనగానే అంతరిక్ష నౌకలు గుర్తుకొస్తాయి. 1965 ఆగస్టులో జెమిని 5 దాన్ని ఆకాశానికి తీసుకెళ్లిన మాట నిజమే. కానీ దానికి ఐదేళ్ల ముందే, 1960లో, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు అమెరికా నౌకాదళానికీ, సైన్యంలోని సిగ్నల్ విభాగానికీ కలిపి మోసుకెళ్లే చిన్న ఫ్యూయల్ సెల్ ఒకటి చేసిచ్చారు. లిథియం హైడ్రైడ్ పొడిలో నీళ్లు కలిపితే హైడ్రోజన్ పుడుతుంది. ఆ పొడిని వాడి పారేసే డబ్బాల్లో నింపి సైనికులకు పంపవచ్చని వాళ్ల ఊహ. పరికరం చిన్నదే, పనిచేసింది కూడా. అందులో పట్టే ప్లాటినం ఖరీదే భరించలేనిదైంది. అంటే ఈ పరికరం ఆకాశానికి వెళ్లకముందే సైనికుడి వీపు కోసం తయారైంది. 60 ఏళ్లు దాటినా ఆ వీపు మీదికి పూర్తిగా చేరలేదు.

ఎందుకు చేరలేదో తెలియాలంటే 2008కి రావాలి. ఆ ఏడాది అమెరికా రక్షణ శాఖ ఒక పోటీ పెట్టింది. ఒంటికి తగిలించుకునే విద్యుత్ పరికరం కావాలి. సగటున 20 వాట్ల చొప్పున 96 గంటలు నడవాలి. మధ్యమధ్య 200 వాట్ల దాకా ఎగబాకే అవసరాన్నీ తట్టుకోవాలి. ఇంధనంతో సహా మొత్తం బరువు 4 కిలోలు దాటకూడదు. మొదటి బహుమతి 10 లక్షల డాలర్లు. కాలిఫోర్నియాలో మొహావి ఎడారి అంచున ట్వెంటీనైన్ పామ్స్ అనే చోట అక్టోబరులో తుది పరీక్ష జరిగింది.

ఈ లెక్క ఒకసారి నెమ్మదిగా వేసి చూద్దాం. 20 వాట్లు, 96 గంటలు: గుణిస్తే 1,920 వాట్ అవర్లు. అమెరికా సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడే రీఛార్జి లిథియం బ్యాటరీ ఒకటి సుమారు కిలో నాలుగు వందల గ్రాముల బరువుంటుంది, 225 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. అవి తొమ్మిది కావాలి. 12 కిలోల పైమాట. పోటీ అడిగింది అందులో మూడో వంతు బరువు.

గెలిచింది డ్యూపాంట్, జర్మనీకి చెందిన స్మార్ట్ ఫ్యూయల్ సెల్ కంపెనీ కలిసి చేసిన ఎం-25 అనే మిథనాల్ ఫ్యూయల్ సెల్. రెండో స్థానం ప్రొపేన్ గ్యాసుతో నడిచే అమెరికన్ పరికరానికి దక్కింది. మూడోది మళ్లీ ఆ జర్మన్ కంపెనీదే, పేరు జెన్నీ. మొదటి మూడు స్థానాలూ ఫ్యూయల్ సెల్స్‌వే.

మిథనాల్ ఎందుకు గెలిచిందంటే, అది మామూలు ద్రవం. హైడ్రోజన్‌ను మోయాలంటే గట్టి సిలిండరు కావాలి, ఆ సిలిండరు బరువే లాభాన్ని మింగేస్తుంది. మిథనాల్‌ను ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగిస్తే చాలు. కిలో మిథనాల్‌లో దాగిన శక్తి 5,500 వాట్ అవర్లు. కిలో లిథియం బ్యాటరీలో పట్టేది 150 నుంచి 250. ఫ్యూయల్ సెల్ ఆ మిథనాల్‌లో నాలుగో వంతునే కరెంటుగా మార్చగలదు. అయినా లీటరుకు 1,100 వాట్ అవర్లు చేతికొస్తాయి. నాలుగు రోజులకు లీటరు ముప్పావు సరిపోతుంది. ఎనిమిది రోజులు ఉండాల్సి వస్తే పరికరం అదే, ఇంకో రెండు సీసాలు సంచిలో వేసుకుంటే చాలు. రోజులు పెరిగేకొద్దీ బ్యాటరీ ఓడిపోతూ వస్తుంది. ఒకటి రెండు రోజుల పనికైతే బ్యాటరీయే మేలు. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా ఫ్యూయల్ సెల్‌ను పొగడటం సరికాదు.

మరి చిక్కు ఎక్కడుంది? ఆ పలుచని పొర దగ్గరే ఉంది. ప్రోటాన్లకు మాత్రమే దారి ఇవ్వాల్సిన పొరలోంచి మిథనాల్ కూడా కొంత జారిపోతుంది. అవతలికి జారిన మిథనాల్ కరెంటు ఇవ్వదు సరికదా, అక్కడి పనినీ చెడగొడుతుంది. అందుకని మిథనాల్‌ను చిక్కగా కాక, నీళ్లలో బాగా పలుచన చేసి, నూటికి మూడు నాలుగు పాళ్లు మాత్రమే ఉండేలా పంపాలి. పలుచన చేసే నీళ్లను కూడా మోయాలంటే ఇక తగ్గిన బరువేముంది? కాబట్టి పరికరం తాను పుట్టించే నీళ్లనే ఆవిరిగా పోకుండా పట్టి, చల్లార్చి, వెనక్కి తిప్పి, చిక్కటి మిథనాల్‌లో తానే కలుపుకోవాలి. దానికో పంపు, ఫ్యాను, చల్లార్చే గొట్టాలు, మిథనాల్ పాలు ఎంతుందో చూసే సెన్సరు కావాలి. ఇవన్నీ చెప్పుల పెట్టె అంత జాగాలో ఇమడాలి. పైగా ఇవన్నీ నడిచేది పరికరం పుట్టించే పాతిక వాట్లలోంచి తీసుకున్న కరెంటుతోనే. సెల్ ఒక్కొక్కటి ఇచ్చేది అర వోల్టు కూడా ఉండదు. అందుకని డజన్ల కొద్దీ పేర్చాలి. అందులో ఒక్కటి నీళ్లు నిండి ఊపిరాడక పోయినా వరుసంతా నీరసిస్తుంది.

వేడి సంగతి కూడా ఉంది. నాలుగో వంతు కరెంటైతే మిగతా మూడు వంతులు వేడే. పాతిక వాట్ల పరికరం 75 వాట్ల వేడిని సైనికుడి వీపు దగ్గర వదులుతుంది. శత్రువు దగ్గర వేడిని చూసే కెమెరా ఉంటే ఆ వేడి కనబడిపోవచ్చు కూడా. జనరేటరుతో పోలిస్తే చప్పుడు దాదాపు లేదు, పొగ వాసన లేదు, అది నిజమైన లాభం. ఉన్నట్టుండి 200 వాట్లు కావాల్సి వస్తే మాత్రం ఫ్యూయల్ సెల్ ఒక్కటే ఇవ్వలేదు. పక్కన చిన్న బ్యాటరీ ఉండాల్సిందే. ఒకటి తీరిగ్గా నింపుతుంది, రెండోది అవసరం వచ్చినప్పుడు గుమ్మరిస్తుంది. ఫ్యూయల్ సెల్ వచ్చి బ్యాటరీని తోసేస్తుందని రాసేవాళ్లు ఈ జోడీని చూడలేదన్నమాట.

ఇక మన దేశం సంగతి. ఫ్యూయల్ సెల్ విషయంలో భారతదేశం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మహారాష్ట్రలోని అంబర్‌నాథ్‌లో ఉన్న నౌకాదళ పదార్థ పరిశోధన సంస్థ, లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీతో కలిసి, జలాంతర్గామి నీటి పైకి రాకుండా ఎక్కువ రోజులు మునిగి ఉండటానికి కావలసిన ఫ్యూయల్ సెల్ వ్యవస్థను తయారు చేసింది. 2021 మార్చి 8న దాన్ని నేల మీద నడిపి చూపించింది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పనిచేసే సెల్ అది. కావలసిన హైడ్రోజన్‌ను సోడియం బోరోహైడ్రైడ్ నుంచి అక్కడికక్కడే పుట్టించుకుంటుంది. 2024 జనవరి 1న మన శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్‌వీ సీ-58 రాకెట్టు తన చివరి అంచెలో విక్రమ్ సారాభాయ్ కేంద్రం చేసిన ఫ్యూయల్ సెల్‌ను తీసుకెళ్లింది. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్ల కరెంటు ఇచ్చింది. హైదరాబాదు బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ అనే పదార్థ పరిశోధన సంస్థ చెన్నైలో ప్రత్యేకంగా ఫ్యూయల్ సెల్ కేంద్రం నడుపుతూ 20 కిలోవాట్ల దాకా సెల్స్ పేర్చగలిగింది.

జలాంతర్గామి కోసం చేశారు, ఆకాశంలో చేశారు. మధ్యలో నేల మీద నడిచే మనిషికి మాత్రం మన సైన్యం ఆ జర్మన్ కంపెనీ మిథనాల్ సెల్‌నే కొన్నది. ఇప్పుడు దాని పేరు ఎస్ఎఫ్‌సీ ఎనర్జీ. గుర్‌గావ్‌లోని భాగస్వామి కంపెనీ ద్వారా సరుకు వచ్చింది.

పెద్దవి చేసినవాళ్లకు చిన్నది ఎందుకు లొంగదు? జలాంతర్గామిలో వీపు సంచి కంటే జాగా చాలా ఎక్కువ, చుట్టూ నిపుణులు ఉంటారు. రాకెట్టులో సిలిండరు నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉంటుంది. వీపు మీది పరికరం అలా కాదు. ఎక్కడ పెడితే అక్కడి గాలినే పీల్చి బతకాలి. ఆ గాలిలో దుమ్ముంటుంది, సైనిక ట్రక్కుల డీజిల్ పొగ ఉంటుంది, చెమ్మ ఉంటుంది. పొగలోని గంధకం ప్లాటినానికి విషం. పరీక్షించే ఇంజనీరు దగ్గర లేని చోట, బురద చేతులతో సీసా మార్చే మనిషి దగ్గర, అది పనిచేయాలి. చిన్న ఫ్యూయల్ సెల్ తయారీలో అసలు కష్టం రసాయనం కాదు, గాలి.

ఇక్కడే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మాట వస్తుంది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. భీమిలిలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ నుంచి పైకి వెళ్తే చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువ వరుసగా వస్తాయి. ఈ తీరాన ఉన్న ఏ ఇంట్లోనైనా కిటికీ ఊచలు చూడండి. రెండు వానాకాలాలు గడిస్తే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. గాలిలోని ఉప్పు చేసే పని అది. ఆ ఉప్పు ఫ్యూయల్ సెల్‌లోకి పోతే రెండు రకాల చేటు. సోడియం పొరలో దూరి ప్రోటాన్ల జాగా ఆక్రమిస్తుంది, దారి ఇరుకవుతుంది. క్లోరైడ్ ప్లాటినాన్ని పట్టుకుని, మెల్లగా కరగదీస్తుంది. ఇక వైశాఖంలో 40 డిగ్రీల ఎండ, దానికి తోడు ఉక్కపోత. బయటి గాలి వేడెక్కేకొద్దీ ఆవిరిని పట్టి నీళ్లుగా మార్చుకోవడం పరికరానికి కష్టమవుతుంది. అలా నీళ్లు తరిగితే పొర ఎండిపోతుంది. శ్రావణంలో సీతంపేట కొండల్లో దీనికి ఎదురు చిక్కు. గాలి నిండా చెమ్మ, సెల్ లోపల నీళ్లు బయటికి పోవు.

మొహావి ఎడారిలో నెగ్గిన పరికరం ఉప్పుగాలిలో, ఉక్కలో నెగ్గినట్టు కాదు. జర్మనీ వాళ్లు తమ అడవులకూ, మంచుకూ తగ్గట్టు చేసుకున్నారు, అది వాళ్ల అవసరం. మన అవసరం సియాచిన్ నుంచి కళింగపట్నం దాకా ఉంది. 5,000 మీటర్ల ఎత్తున గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. ఇక్కడ ఆక్సిజన్ నిండుగా ఉన్నా దానితోపాటు ఉప్పు వస్తుంది. ఈ రెండు కొసలనూ తట్టుకునే పరికరం కోసం బయటి దేశం ఎందుకు శ్రమపడుతుంది? అది ఇక్కడివాళ్లే చేసుకోవాలి.

చేసుకోగల చేతులు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాదులో 1977లో విమానాల బ్యాటరీలతో పని మొదలుపెట్టిన హెచ్‌బీఎల్ కంపెనీ తర్వాత జలాంతర్గాములకు, టార్పెడోలకు, క్షిపణులకు బ్యాటరీలు చేసే స్థాయికి ఎదిగింది. దాని ఫ్యాక్టరీల్లో ఒకటి విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం కందివలసలో ఉంది. పలుచని పొరలు పేర్చడం, లీకు లేకుండా బిగించడం, వేల సెల్స్‌లో ఒక్కటి తేడా వచ్చినా పట్టుకోవడం... ఫ్యూయల్ సెల్ తయారీకి కావలసిన ఈ క్రమశిక్షణ బ్యాటరీ పనివాళ్లకు కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవలసినవి పొర, ప్లాటినం పూత, నీళ్ల పంపకం.

ప్లాటినం అనగానే, దాని బదులు కొన్ని చోట్ల పనికొచ్చే మాంగనీసు గుర్తుకొస్తుంది. దేశంలో మాంగనీసు తవ్వకం మొదట మొదలైంది ఈ విజయనగరం నేలలోనే, 1892లో, కోడూరు దగ్గర. లీ ఫెర్మార్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాతికి కోడూరు పేరు మీదే కోడురైట్ అని పేరు పెట్టాడు. గర్భాం గనులు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఆ వరుసలోవే. ఆ మాంగనీసులో అధిక భాగం ఉక్కు తయారీకే పోయింది. కానీ మాంగనీసు ఆక్సైడుకు మరో గుణం ఉంది. క్షార ద్రవంలో గాలిలోని ఆక్సిజన్‌ను పట్టి పనిచేయించే శక్తి దానికి ఉంది. జింక్ ఎయిర్ బ్యాటరీల్లో ఆ పని చేసేది తరచూ అదే. మిథనాల్ సెల్‌లోని ఆమ్లపు పొర దగ్గర మాత్రం అది నిలవదు, కరిగిపోతుంది. క్షారాన్ని భరించే పొరలు గట్టిపడితే ప్లాటినం అవసరం బాగా తగ్గుతుంది. ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు ఇప్పుడు ఆ పొరల వెంటే పడ్డాయి. గర్భాం ఖనిజం రేపే సైనికుడి సంచిలోకి చేరుతుందని చెప్పడం తొందరపాటు. ఆ దారి ఉందని తెలియడం అవసరం.

ఇంధనం మాటకొస్తే, హైదరాబాదు బీహెచ్ఈఎల్‌లో, మన దేశపు బూడిద ఎక్కువున్న బొగ్గు నుంచి మిథనాల్ తీసే చిన్న ప్లాంటు 2022 జనవరిలో మొదలైంది. రోజుకు పావు టన్ను. పారిశ్రామిక లెక్కల్లో అది చాలా తక్కువ. సైనికుల సీసాల లెక్కలో తక్కువేమీ కాదు. లీటరు నుంచి 1,100 వాట్ అవర్ల చొప్పున చూసుకోండి, పావు టన్ను ఎంతమందికి సరిపోతుందో తెలుస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కల్తీ సారాలో చూపు పోగొట్టేది, ప్రాణం తీసేది ఈ మిథనాలే. కొద్ది మిల్లీలీటర్లతోనే కళ్లు పోతాయి. కాబట్టి సీసా విప్పడానికి వీలుండకూడదు. పరికరానికి తగిలించినప్పుడే తెరుచుకునే మూత ఉండాలి, ఖాళీ సీసాకు కూడా లెక్క ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీపడితే మొత్తం ప్రయత్నానికే చెడ్డపేరు వస్తుంది.

సైన్యం కోసం చేసిన పరికరం సైన్యం దగ్గరే ఆగిపోనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సెల్‌ఫోన్ టవర్లు మూగబోయాయి. సెల్‌ఫోన్ టవరు పక్కన డీజిల్ జనరేటరు ఉన్నా, దారుల మీద చెట్లు పడితే డీజిల్ పీపా చేరేదెలా? 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు బహామాస్ దీవుల్లో మిథనాల్ ఫ్యూయల్ సెల్స్ ఫోన్ టవర్లను నిలబెట్టాయి. ఆ టవర్లకు కావలసినవి కిలోవాట్ల పరికరాలు. వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల్లో సహాయ బృందం చేతి వైర్‌లెస్ సెట్టుకు, శాటిలైట్ ఫోనుకు, మందులు పెట్టే చిన్న చల్లని పెట్టెకు పాతిక యాభై వాట్లు చాలు. ఐదు లీటర్ల సీసా మోటారుసైకిలు మీదైనా, నడిచైనా చేరుతుంది.

అందుకని మన దేశపు పరీక్ష మన నేల మీదే జరగాలి. ఎండాకాలంలో కళింగపట్నం లైట్‌హౌసు దగ్గర సముద్రానికి ఎదురుగా నెల రోజులు, శ్రావణంలో సీతంపేట కొండల్లో జవాను వీపు మీద 96 గంటలు, చలికాలంలో లద్దాఖ్‌లో అంతే కాలం. ప్రతి చోటా మొదటి గంటలో ఇచ్చిన పాతిక వాట్లూ చివరి గంటలోనూ ఇస్తోందా అన్నదే కొలత. ఉప్పును ఆపే వడపోత జల్లెడ ఎన్నాళ్లకు మార్చాల్సి వచ్చింది, సీసా మార్చడానికి చేతి తొడుగులతో ఎంతసేపు పట్టింది, సెల్ వరుసలో ఎన్ని నీరసించాయి అన్నవి కూడా రాసిపెట్టాలి. ఇలాంటి పరికరం తయారీకి పెద్ద అడ్డంకి ఆర్డరు చిన్నది కావడం. సైన్యం కొన్ని వందలు అడుగుతుంది, పోలీసు శాఖ కొన్ని పదులు, విపత్తుల శాఖ ఇంకొన్ని. ముగ్గురూ ఒకే పరికరానికి, ఒకే రకం సీసాకు ఒప్పుకుని కలిసి కొంటే, పూసపాటిరేగలోనో బాలాపూర్‌లోనో లైను పెట్టేవాడికి గిట్టుబాటవుతుంది. మొదటి వంద పరికరాలు ఈ తీరంలోని తుపాను కేంద్రాలకు ఇచ్చి, అక్టోబరు దాటాక లెక్క చూసుకోవచ్చు.